పాఠకుల ప్రశ్నలు, జవాబులు: చెక్కు వెనుక సంతకం ఎక్కడ చేయాలి?

అమెరికాలో స్థిరపడిన మన పాఠకుల నుండి చెక్కుల ఎండార్స్‌మెంట్ (చెక్కు వెనుక సంతకం చేయడం) గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఇక్కడ చెప్పినవన్నీ అమెరికా బ్యాంకులకు, అమెరికా చట్టాలకు సంబంధించినవి. భారతదేశపు చెక్కులకు వర్తించే నియమాలు వేరు.

ప్రశ్న: నా పేర వచ్చిన చెక్కును జమ చేయడానికి బ్యాంకుకు వెళ్ళాను. అలవాటు ప్రకారం వెనుకవైపు మధ్యలో సంతకం చేసి, దాని కింద ఖాతా నంబరు, ఫోన్ నంబరు కూడా రాశాను. కౌంటరులోని ఉద్యోగి నిబంధనలు మారాయనీ, పైభాగంలోనే సంతకం చేయాలనీ చెప్పి చెక్కును తిరిగి ఇచ్చేశారు. నిజంగా కొత్త నిబంధన వచ్చిందా? సంతకం నాదే అయినప్పుడు అది ఎక్కడ ఉంటే బ్యాంకుకు ఏమిటి నష్టం?
(న్యూజెర్సీ నుండి ఒక పాఠకుడు)

జవాబు: మీకు చెప్పిన నిబంధన కొత్తది కాదు. చెక్కు వెనుకభాగంలో ఎవరి చోటు ఎంతవరకు అన్నది 1988 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్న విషయమే. 2018లో వచ్చిన మార్పు ఫోన్‌తో జమ చేసే చెక్కులకు సంబంధించినది. దాని గురించి తరువాతి జవాబులో చూడండి. కారణం చెప్పకుండా చెక్కును మీ చేతిలో పెట్టి పంపడం మాత్రం సరికాదు. ఆ కారణం ఖాతాదారులకు తెలియవలసినది, తెలిస్తే మరచిపోలేనిది కూడా.

1980ల వరకు, జమ చేసిన చెక్కు మీద డబ్బు ఎన్నాళ్ళకు ఖాతాదారు చేతికి ఇవ్వాలన్నది చాలావరకు బ్యాంకు ఇష్టంగానే ఉండేది. రోజుల తరబడి డబ్బు ఆపేస్తున్నారన్న ఫిర్యాదులు పెరగడంతో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 1987లో ఎక్స్‌పెడైటెడ్ ఫండ్స్ అవైలబిలిటీ చట్టం చేసింది. ఆ చట్టాన్ని అమలు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు పాలకమండలి అయిన ఫెడరల్ రిజర్వ్ బోర్డు రూపొందించినదే రెగ్యులేషన్ సీసీ. జమ చేసిన చెక్కు మీద ఎంత సొమ్మును ఎన్ని పనిదినాలలో అందుబాటులోకి తేవాలో అది నిర్ణయించింది. మామూలు చెక్కులు ఒక రోజున ఎన్ని జమ చేసినా, మొత్తం మీద కనీసం 275 డాలర్లు మరుసటి పనిదినానికి ఇవ్వాలని నేడు మనం చూస్తున్న నియమం ఆ పరంపరలోనిదే. ఈ మొత్తం 2025 జులై 1 నుండి అమలులోకి వచ్చింది, అంతకు ముందు అది 225 డాలర్లు.

డబ్బు త్వరగా ఇవ్వమంటే బ్యాంకులకు ఒక భయం ఉంది, అది నిజమైన భయమే. ఖాతాదారుకు డబ్బు ఇచ్చేసిన తరువాత చెక్కు బౌన్స్ అయితే ఎలా? పాత పద్ధతిలో బౌన్స్ అయిన చెక్కు తాను వచ్చిన దారినే, ఏ ఏ బ్యాంకుల చేతులు మారిందో ఆ బ్యాంకులన్నిటి మీదుగా ఒక్కొక్క మెట్టు దిగుతూ వెనక్కి వెళ్ళేది. రెగ్యులేషన్ సీసీ ఈ దారిని కుదించి, చెల్లించడానికి నిరాకరించిన బ్యాంకు ఆ చెక్కును మొదట జమ చేసుకున్న బ్యాంకుకే నేరుగా పంపే వీలు కల్పించింది. అలా పంపాలంటే మొదట జమ చేసుకున్నది ఎవరో చెక్కు వెనుక చూడగానే తెలియాలి. ఆ బ్యాంకు వేసే ముద్రలో అది ఏ బ్యాంకో తెలిపే తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు రెండు బాణపు గుర్తుల మధ్య ఉంటుంది. ఆ అంకెల మీద మీ సంతకమో, ఫోన్ నంబరో పడితే అవి చదవడానికి వీలుపడక, చెక్కు దారితప్పి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం వల్ల కలిగే నష్టానికి ఎవరో ఒకరు బాధ్యత వహించవలసి వస్తుంది.

ఇక కొలతలు. చెక్కును ముందువైపు నుండి చూస్తున్నప్పుడు, రాసిచ్చినవారి పేరు, చిరునామా అచ్చయి ఉండే ఎడమ అంచును గుర్తుపెట్టుకొని, చెక్కును తిప్పి ఆ అంచు పైకి వచ్చేలా నిలువుగా పట్టుకోండి. ఆ అంచు నుండి ఒకటిన్నర అంగుళం వరకు ఉన్న స్థలమే మీది. ఎదుటి అంచు నుండి మూడు అంగుళాల మేర, చెక్కు తరువాత చేతులు మారే బ్యాంకులకు వదిలిపెట్టినది. ఈ రెండింటికీ మధ్య మిగిలినది మొదట జమ చేసుకున్న బ్యాంకుది. మనం ఇంట్లో వాడే మామూలు చెక్కు పొడవు ఆరు అంగుళాలు కాబట్టి, అందులో ఆ బ్యాంకుకు దక్కేది కూడా ఒకటిన్నర అంగుళమే. మీరు మధ్యలో చేసిన సంతకం సరిగ్గా ఆ ఇరుకు చోటులో పడింది. చాలా చెక్కుల వెనుక ఒక గీత గీసి, దాని దిగువన రాయవద్దని అచ్చువేసి ఉండేది ఇందుకే. వ్యాపార సంస్థల చెక్కులు పొడవుగా ఉంటాయి కనుక మధ్య స్థలం కాస్త పెరుగుతుంది, మీ ఒకటిన్నర అంగుళం మాత్రం పెరగదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. సంతకం హద్దు దాటినంత మాత్రాన అది చెల్లకుండా పోదు, చెక్కు మీద మీ హక్కు కూడా పోదు. ఈ కొలతలు ప్రధానంగా బ్యాంకులను కట్టడి చేసేవి. చెక్కు రాసి ఇచ్చిన తరువాత దాని వెనుకభాగం పాడై, ముద్ర చదవలేనట్లయితే, ఆ నష్టానికి మొదట జమ చేసుకున్న బ్యాంకుదే బాధ్యత అని అదే రెగ్యులేషన్ చెబుతోంది. రాసి ఇచ్చే నాటికే వెనుక ఏవో షరతులో, నల్లని పట్టీలో అచ్చయి ఉంటే బాధ్యత చెల్లించవలసిన బ్యాంకుది. ఆ భారాన్ని మీ మీదికి మళ్ళించే నియమం ఒకటి మీరు ఖాతా తెరిచినప్పుడు సంతకం చేసిన ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. కాబట్టి ఉద్యోగి చెక్కును తిరస్కరించడం బ్యాంకు తన జాగ్రత్త తాను చూసుకోవడమే.

మీ చెక్కు విషయంలో, రాసినదాన్ని కొట్టివేసి మళ్ళీ రాయకండి. కొట్టివేతలు అనుమానాన్ని పెంచుతాయి. శాఖ అధికారికి చూపించి, తీసుకుంటారేమో అడగండి. కాదంటే చెక్కు ఇచ్చినవారిని మరొకటి రాసివ్వమని కోరడమే శుభ్రమైన మార్గం. ఫోన్ నంబరు వెనుక రాయవలసిన అవసరం ఏనాడూ లేదు. చెక్కు ఎన్ని చేతులు మారుతుందో అన్ని కళ్ళ ముందు మీ వివరాలు పెట్టడం అనవసరం.

ప్రశ్న: ఫోన్‌లో ఫోటో తీసి చెక్కు జమ చేస్తే, సంతకం కింద “ఫర్ మొబైల్ డిపాజిట్ ఓన్లీ” అని రాయలేదన్న కారణంతో బ్యాంకు తిప్పికొట్టింది. నాలుగేళ్ళ క్రితం ఉత్త సంతకంతోనే తీసుకునేవారు. ఈ మాటలు రాయడం చట్టమా, బ్యాంకు పట్టుదలా?
(టెక్సాస్ నుండి ఒక పాఠకురాలు)

జవాబు: ఆ మాటలు రాయాలని మిమ్మల్ని ఆదేశించే చట్టం లేదు. కానీ బ్యాంకు చేత అలా అడిగించేది మాత్రం చట్టమే. అమలులో ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క సమయంలో కఠినపడింది కాబట్టి, మీకది హఠాత్తుగా వచ్చినట్టు కనిపించి ఉండవచ్చు.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత విమానాలు ఆగిపోవడంతో, వాటిలో ప్రయాణించవలసిన చెక్కుల మూటలు కూడా ఆగిపోయాయి. కాగితాన్ని ఊరూరా మోయడం ఎంత బలహీనమైన ఏర్పాటో అప్పుడు అందరికీ తెలిసింది. 2003 అక్టోబరు 28న సంతకమై, సరిగ్గా ఏడాదికి అమలులోకి వచ్చిన చెక్ 21 చట్టం, అసలు చెక్కు బదులు దాని చిత్రం నుండి తయారైన ప్రతికి చట్టబద్ధత ఇచ్చింది. ఫోన్‌తో జమ చేయడం ఆ దారిలోనే వచ్చింది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఫోటో తీసిన తరువాత కూడా అసలు కాగితం మీ చేతిలోనే ఉంటుంది. పొరపాటున గాని, దురుద్దేశంతో గాని ఆ కాగితాన్ని మరో బ్యాంకులో మళ్ళీ జమ చేస్తే ఏమవుతుంది? చెల్లించవలసిన బ్యాంకు ఫోటోకు అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటుంది కాబట్టి, కాగితాన్ని తిప్పి పంపుతుంది. నిజమైన కాగితాన్ని చూసి, నమ్మి డబ్బు ఇచ్చిన రెండవ బ్యాంకు నష్టపోతుంది.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి 2018 జులై 1 నుండి రెగ్యులేషన్ సీసీలో ఒక కొత్త నియమం చేర్చారు. అలా నష్టపోయిన రెండవ బ్యాంకు, అసలు కాగితం తీసుకోకుండా ఫోటో మీద చెక్కును జమ చేసుకున్న మొదటి బ్యాంకు నుండి ఆ నష్టాన్ని రాబట్టుకోవచ్చు. దీనికి మినహాయింపు ఒక్కటే ఉంది: రెండవ బ్యాంకుకు వచ్చిన కాగితం వెనుక, అది అక్కడ జమ కాకూడదని తెలిపే పరిమితి మాటలు ఉంటే ఆ బ్యాంకు పరిహారం అడగలేదు, ఎందుకంటే ఆ మాటలు చూసి కూడా తీసుకున్న తప్పు దానిదే. మీరు రాసే ఆ ఒక్క పంక్తి మీ బ్యాంకును అంతటి బాధ్యత నుండి కాపాడుతుంది కనుకనే వారు అంత పట్టుబడతారు. కొన్ని బ్యాంకులు తమ పేరు కూడా కలిపి రాయమంటాయి. అదీ మంచిదే, ఎందుకంటే అప్పుడు ఆ పరిమితి మరింత స్పష్టమవుతుంది.

ఈ పంక్తి వల్ల మీకూ ఒక రక్షణ ఉంది. పక్షం రోజుల తరువాత ఇంట్లో మరొకరు ఆ చెక్కును సొరుగులో చూసి, ఇంకా జమ కాలేదనుకొని బ్యాంకుకు పట్టుకెళ్ళే ప్రమాదం తప్పుతుంది. పంక్తి, సంతకం రెండూ ఆ ఒకటిన్నర అంగుళం లోపలే పట్టాలి కాబట్టి చిన్న అక్షరాలతో రాయండి. డబ్బు పూర్తిగా జమ అయ్యేవరకు కాగితాన్ని భద్రపరచి, మీ బ్యాంకు ఒప్పందంలో చెప్పిన గడువు దాటాక ముక్కలు చేయండి. ఒకవేళ ఫోన్ ద్వారా తిరస్కరించారని అదే చెక్కును కౌంటరుకు తీసుకువెళ్ళవలసి వస్తే, ఆ పంక్తి సంగతి ముందుగానే ఉద్యోగికి చెప్పండి.

ప్రశ్న: మా పెళ్ళికి వచ్చిన చెక్కులలో కొన్నిటి మీద మా ఇద్దరి పేర్లు ఉన్నాయి, కొన్నిటి మీద నా పేరు తప్పుగా ఉంది, ఒకదాని మీద నా పేరు పక్కన భర్తగారి ఇంటిపేరు చేర్చి రాశారు. నేను ఇంటిపేరు మార్చుకోలేదు. వీటి వెనుక ఎలా సంతకం చేయాలి?
(కాలిఫోర్నియా నుండి ఒక పాఠకురాలు)

జవాబు: మన పేర్లతో ఇది తప్పని తంటా. లక్ష్మి చివర “ఐ” అక్షరానికి బదులు “వై” రాసేవారు, ఇంటిపేరును అసలు పేరుగా భావించేవారు ఎప్పుడూ ఉంటారు. చెక్కుల వంటి వాణిజ్య వ్యవహారాలకు చాలా రాష్ట్రాలు అనుసరిస్తున్న నమూనా చట్టం యూనిఫాం కమర్షియల్ కోడ్ దీనికి మార్గం చూపింది. చెక్కు మీద పేరు తప్పుగా ఉన్నా, అది మీ కోసం రాసినదే అయినప్పుడు, ఉన్న పేరుతో గాని, మీ అసలు పేరుతో గాని, రెండింటితో గాని మీరు సంతకం చేయవచ్చు. రెండూ కావాలని అడిగే హక్కు డబ్బు ఇచ్చే బ్యాంకుకు ఉంది. అందువల్ల మొదట చెక్కు మీద ఉన్నట్లే ఒక సంతకం, దాని కిందనే మీ ఖాతాలో ఉన్న పేరుతో మరొక సంతకం చేయడం అన్ని విధాలా క్షేమం. భర్తగారి ఇంటిపేరుతో వచ్చిన చెక్కుకూ ఇదే పద్ధతి.

ఇద్దరి పేర్ల చెక్కులలో చూడవలసినది పేర్ల మధ్య ఉన్న మాట. “అండ్” అని ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. “ఆర్” అని ఉంటే ఎవరో ఒకరు చేస్తే చాలు. మధ్యలో ఏటవాలు గీత మాత్రమే ఉండి, ఉద్దేశం స్పష్టంగా లేకపోతే, ఎవరో ఒకరు సరిపోతారనే కోడ్ భావిస్తుంది. అయినా ఇద్దరి సంతకాలూ అడిగే బ్యాంకులు ఉన్నాయి కనుక, ఇద్దరూ చేతికి అందుబాటులో ఉన్నప్పుడు ఇద్దరూ చేయడమే మంచిది. రెండు సంతకాలు ఒకదాని కింద ఒకటిగా, పైభాగంలోనే ఇమడాలి. పిల్లల పేర వచ్చిన చెక్కులకైతే, బిడ్డ పేరు రాసి పక్కన “మైనర్” అని, దాని కింద తల్లి లేదా తండ్రి తన పేరు, బంధుత్వం రాసి సంతకం చేయడం సాధారణంగా ఉన్న పద్ధతి. దీనిలో మీ బ్యాంకు ఆచారం అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు తీసుకున్న ఆరోగ్య బీమా నుండి, ఆయన ఇండియాకు తిరిగి వెళ్ళాక కొంత సొమ్ము చెక్కుగా ఆయన పేర వచ్చింది. నాన్నగారికి అమెరికాలో ఖాతా లేదు. ఆయన అనుమతితో నేనే ఆయన సంతకం చేసి నా ఖాతాలో వేసుకోవచ్చా?
(జార్జియా నుండి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. ఫోన్‌లో నాన్నగారు సరేనన్నంత మాత్రాన ఆయన సంతకాన్ని మీరు అనుకరించి చేయడం బ్యాంకు దృష్టిలో దొంగ సంతకంగా కనిపించే పని. ఇంట్లో అందరికీ సమ్మతమైన విషయమే అయినా, తరువాత ప్రశ్న వచ్చినప్పుడు మీ మాటకు ఆధారం ఉండదు. ఆయన మీకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటే, ఆ హోదాను పేర్కొంటూ మీ పేరుతో మీరు సంతకం చేయవచ్చు. ఆ పత్రాన్ని బ్యాంకు ముందే చూసి అంగీకరించాలి.

రెండవ మార్గం చెక్కును ఇండియాకు పంపి, నాన్నగారి చేత వెనుకవైపు పైభాగంలో “పే టు ది ఆర్డర్ ఆఫ్” అని మీ పేరు రాయించి, దాని కింద ఆయన సంతకం చేయించడం. ఆ తరువాత దాని కింద మీరు సంతకం చేస్తారు. చట్టం ఇలాంటి బదిలీని అనుమతిస్తుంది, కానీ మూడవ వ్యక్తి చేతికి వచ్చిన చెక్కును తీసుకోవాలన్న నిర్బంధం మీ బ్యాంకుకు లేదు. ఇలాంటి చెక్కులలో మోసాలు ఎక్కువ కనుక చాలా బ్యాంకులు నిరాకరిస్తున్నాయి, ఫోన్ ద్వారానైతే తీసుకోవడం మరీ అరుదు. అంత దూరం పోస్టులో పంపే ముందు బ్యాంకును తప్పక అడగండి. ఇంకొక సంగతి కూడా నాన్నగారికి చెప్పి ఉంచండి: అలా ఎండార్స్ చేసిన వ్యక్తి, చెక్కు చెల్లకపోతే దాని సొమ్ముకు తానూ జవాబుదారీ అవుతాడు. తండ్రీకొడుకుల మధ్య ఇది పెద్ద విషయం కాకపోవచ్చు, ఇతరుల చెక్కులు చేతులు మార్చుకునేవారు మాత్రం బాగా ఆలోచించుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, ఈ రెండింటికన్నా సులువైనది బీమా సంస్థకు ఉత్తరం రాసి, చెక్కును వెనక్కి పంపి, సొమ్మును మొదట ప్రీమియం కట్టిన కార్డుకో, మీ పేరకో మళ్ళీ చెల్లించమని కోరడం. ఆ కార్డు మీదే అయితే మీ వాదనకు బలం ఉంటుంది.

ప్రశ్న: మా తెలుగు సంఘానికి నేను కోశాధికారిని. విరాళాల చెక్కుల వెనుక నా సంతకం మాత్రమే చేసి జమ చేస్తూ వచ్చాను. రబ్బరు స్టాంపు చేయించమని కార్యవర్గం అంటోంది. అవసరమా?
(ఇల్లినాయ్ నుండి ఒక పాఠకుడు)

జవాబు: తప్పక చేయించండి, ఆలస్యం చేయకండి. సంఘం పేర వచ్చిన చెక్కు వెనుక మీ సంతకం ఒక్కటే ఉంటే, మీరు ఏ హోదాలో చేశారో ఎవరికీ తెలియదు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఏ పరిమితీ లేకుండా ఉత్త సంతకంతో ఉన్న చెక్కు ఎవరి చేతిలో ఉంటే వారే దాన్ని సొమ్ము చేసుకోగల స్థితికి వస్తుంది. దారిలో సంచి పోతే, పోయినది కాగితం కాదు, నగదు. సొంత చెక్కుల విషయంలో కూడా బ్యాంకుకు చేరక ముందే ఉత్త సంతకం చేసి పెట్టుకునే అలవాటును నేను ఎవరికీ సమర్థించను. పదిమంది విశ్వాసంతో ఇచ్చిన విరాళాల విషయంలో అయితే అది అసలే తగదు.

స్టాంపులో “ఫర్ డిపాజిట్ ఓన్లీ”, సంఘం పూర్తి పేరు, ఖాతా నంబరు, ఈ మూడూ ఉండాలి. ఖాతా నంబరు లేకుండా ఆ మాటలు మాత్రమే ఉంటే, ఏ ఖాతాలో జమ చేయాలన్న ప్రశ్న తెరిచే ఉంటుంది. అది ఉన్నప్పుడు, సొమ్మును ఆ ఖాతాకు కాక మరోచోటికి మళ్ళనిచ్చిన బ్యాంకు దానికి బాధ్యత వహించవలసి వస్తుంది. చెక్కు అందిన రోజునే, ఇంకా జమ చేయకపోయినా సరే, ముద్ర వేసేయండి. స్టాంపు చేయించేటప్పుడు ఒక కొలత గుర్తుంచుకోండి: పైనుండి కిందికి దాని ఎత్తు ఒకటిన్నర అంగుళానికి మించకూడదు. సంఘం గుర్తు, చిరునామా, స్థాపించిన సంవత్సరం అన్నీ చేర్చి స్టాంపును పెంచితే, అది సరిగ్గా బ్యాంకు ముద్ర పడవలసిన చోటును ఆక్రమిస్తుంది.

ప్రశ్న: సంతకం చేయడం పూర్తిగా మరచిపోయి ఒక చెక్కు జమ చేశాను. అయినా డబ్బు పడింది. ఇది రేపు సమస్య అవుతుందా?
(వర్జీనియా నుండి ఒక పాఠకురాలు)

జవాబు: కాదు. ఖాతాదారు తన పేర ఉన్న చెక్కును జమకు ఇచ్చినప్పుడు, సంతకం లేకపోయినా దాన్ని వసూలు చేసుకునే హక్కు యూనిఫాం కమర్షియల్ కోడ్ బ్యాంకుకు ఇస్తుంది. అయితే సంతకం కావాలని పట్టుబట్టే స్వేచ్ఛ కూడా బ్యాంకుకు ఉంది, ఫోన్‌లో అయితే దాదాపు అన్ని బ్యాంకులూ పట్టుబడతాయి.

ప్రశ్న: ఉమ్మడి టాక్స్ రిటర్న్ మీద వచ్చిన రిఫండ్ చెక్కు ఒకటి కాగితాల మధ్య ఉండిపోయి ఇప్పుడు దొరికింది. మావారు ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రంలో ఉన్నారు. నా ఒక్కదాని ఖాతాలో, నా సంతకంతో వేయవచ్చా?
(ఒహాయో నుండి ఒక పాఠకురాలు)

జవాబు: చెక్కు మీద ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఫెడరల్ టాక్స్ రిఫండ్ వచ్చేది అమెరికా ట్రెజరీ, అంటే ప్రభుత్వ ఖజానా, ఇచ్చే చెక్కుగా. ఈ ట్రెజరీ చెక్కుల విషయంలో బ్యాంకులు మరింత జాగ్రత్తగా ఉంటాయి. ఇద్దరి పేర్లూ ఉన్న ఖాతాలోనే వేయమనేవి, ఇద్దరినీ గుర్తింపు కార్డులతో శాఖకు రమ్మనేవి కూడా ఉన్నాయి. కాబట్టి మీవారి సంతకం కోసం చెక్కును పోస్టులో పంపే ముందు మీ బ్యాంకును అడగండి, మీకు ఉమ్మడి ఖాతా ఉంటే అందులోనే వేయండి.

అన్నిటికన్నా ముందు చెక్కు మీది తేదీ చూడండి. మామూలు చెక్కు అయితే ఆరు నెలలు దాటిన తరువాత చెల్లించాలన్న నిర్బంధం బ్యాంకుకు ఉండదు. ట్రెజరీ చెక్కు జారీ చేసిన నాటి నుండి ఒక సంవత్సరం చెల్లుతుంది. ఏడాది లోపలే ఉంటే, సంతకాల ఏర్పాటు వెంటనే చూసుకోండి. దాటిపోయి ఉంటే సంతకాలు చేయకుండా దానిని జాగ్రత్త చేసి, బదులు చెల్లింపు కోసం ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్‌ను సంప్రదించండి. చెక్కుకు కాలం తీరినా మీకు రావలసిన రిఫండ్ పోదు. 2025 మార్చి 25న జారీ అయిన అధ్యక్షుల ఉత్తర్వు, ఆ ఏడాది సెప్టెంబరు 30 నాటికి ఫెడరల్ చెల్లింపులలో కాగితపు చెక్కులను, కొన్ని మినహాయింపులతో, నిలిపివేయాలని ఆదేశించింది కనుక, సంప్రదించేటప్పుడే మీ బ్యాంకు ఖాతా వివరాలు సిద్ధంగా ఉంచుకోండి.